రైల్వే ప్రొఫెషనల్ అసోసియేషన్‌లో చేరుతున్నారా? అయితే ఇలా వాడుకోండి

ముందు ఒక గందరగోళం తీరిపోతే మంచిది. అసోసియేషన్ అనగానే చాలామంది యూనియన్ అనుకుంటారు. జీతం, బదిలీ, డ్యూటీ గంటల గొడవలు యూనియన్ చూసుకుంటుంది. ఇక్కడ మాట్లాడుతున్నది పని నేర్చుకోవడానికి, నేర్పడానికి, మన పనికి తగ్గ గుర్తింపు తెచ్చుకోవడానికి పెట్టుకున్న వృత్తి సంఘం గురించి. రెండింటిలోనూ ఉండొచ్చు, తప్పేం లేదు, కానీ దీని దగ్గరికి వెళ్లి అది అడిగితే నిరాశే.

ఇలాంటి సంఘాలు కొత్తగా పుట్టినవి కావు. పట్టాల పని చేసేవాళ్ల కోసం పర్మనెంట్ వే ఇన్‌స్టిట్యూషన్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 1884లోనే మొదలైంది, సిగ్నల్ ఇంజనీర్ల సంస్థ 1912లో వచ్చింది, ఇప్పుడు దానికి చాలా దేశాల్లో శాఖలున్నాయి. ఇవి రైల్వేలో ఒక్కో రకం పని చేసే శాఖ వాళ్లవి. ఇవి కాక, ఒక ప్రాంతంలో రైలు మీద బతికే అందరినీ, అంటే ట్రాక్, సిగ్నల్, బండ్లు నడిపేవాళ్లు, కోచ్‌లు తయారుచేసే కంపెనీలు, కాంట్రాక్టర్లు, కన్సల్టెంట్లు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టే ప్రాంతీయ సంఘాలు ఉంటాయి. పరీక్షలకీ డిగ్రీ లాంటి హోదాలకీ మొదటి రకం మంచిది. రోజూ తలనొప్పి తెచ్చే సమస్యలకి మాత్రం నా ఓటు రెండో రకానికే, ఎందుకో కింద చెప్తా.

చేరే ముందు అతిథిగా రెండు మీటింగులకు వెళ్లి చూడండి, చాలాచోట్ల అడిగితే రానిస్తారు. స్టేజీ మీద ఏం జరుగుతోందో కాదు, ప్రసంగం అయ్యాక ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారో గమనించండి. పెద్ద హోదా వాళ్లే మాట్లాడి, వాళ్లకే వాళ్లు ధన్యవాదాలు చెప్పుకుంటుంటే ఇంకో సంఘం వెతుక్కోవచ్చు. ఒక కుర్ర టెక్నీషియన్ లేచి "సార్, మా దగ్గర అలా జరగట్లేదు" అంటే, దానికి ఎవరూ మొహం చిట్లించకుండా జవాబిస్తే, అక్కడ ఫారం నింపేయండి.

ఫారంలో జనం చేసే తప్పు ఒకటే: ఉద్యోగం పేరు రాస్తారు, చేసిన పని రాయరు. "ఫలానా ప్రాజెక్టులో పాల్గొన్నాను" అంటే చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. "యార్డులో ఇంటర్‌లాకింగ్ మార్చినప్పుడు టెస్టింగ్ ప్లాన్ రాసింది నేనే, రెండు పొరపాట్లు పట్టుకున్నాను" అంటే అర్థమవుతుంది (ఇంటర్‌లాకింగ్ అంటే సిగ్నళ్లూ పాయింట్లూ ఒకదానికొకటి విరుద్ధంగా పనిచేయకుండా చూసే ఏర్పాటు). అసోసియేట్, మెంబర్, ఫెలో అని మెట్లుంటాయి, పైమెట్టు కోసం ఆగి ఏళ్లు పోగొట్టుకోకండి, ఇప్పుడు అర్హత ఉన్నదాంట్లో చేరి తర్వాత పైకి వెళ్లొచ్చు. మిమ్మల్ని ప్రతిపాదించే సభ్యుడు కావాలంటే పెద్ద పేరున్న మనిషి కన్నా మీ పని కళ్లారా చూసిన మనిషి నయం.

ఇక అసలు విషయం, మీటింగులు. మీ శాఖ వాళ్ల పక్కన కూర్చోకండి. నేను సిగ్నల్ వైపు మనిషిని, మొదటి ఏడాది మొత్తం మా వాళ్లతోనే టీ తాగి ఇంటికొచ్చాను, ఆఫీసులో రోజూ చేసేదే కదా అది! ఒక ఉదాహరణ చెప్తే వేరే శాఖ ఎందుకో తెలుస్తుంది. చక్రాలు జారకుండా లోకో పైలట్ పట్టాల మీద ఇసుక వదులుతాడు, ఆయన వైపు నుంచి చూస్తే అది సరైన పనే. ఇటు ట్రాక్ సర్క్యూట్‌లో రెండు పట్టాల్లోనూ చిన్న కరెంటు పారుతుంటుంది, బండి రాగానే చక్రాలూ ఇరుసూ ఆ రెండింటినీ కలిపేస్తాయి, రిలే అనే కరెంటు స్విచ్ పడిపోతుంది, ఆ సెక్షన్‌లో బండి ఉందని మాకు తెలుస్తుంది. ఇసుక ఎక్కువై చక్రానికీ పట్టాకీ మధ్య పొరలా పేరుకుందనుకోండి, బండి అక్కడే నిలబడి ఉన్నా సర్క్యూట్ ఖాళీ అని చూపించే ప్రమాదం ఉంది. రోజుల తరబడి బండి తిరగని లైన్లో తుప్పు కూడా ఇదే పని చేస్తుంది. దీనికి తోడు డిస్క్ బ్రేకులు వచ్చాక బ్రేకు బ్లాకు చక్రాన్ని రుద్దే పనే లేదు, కాబట్టి చక్రంలో పట్టాకి తగిలే భాగం మునుపటిలా శుభ్రపడదు. ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి సమస్య? పైలట్‌దా, ట్రాక్ వాళ్లదా, కోచ్ డిజైన్ చేసినవాళ్లదా, మాదా? ఆఫీసుల మధ్య ఉత్తరాలు తిరిగితే నెలలు పడుతుంది. మీటింగు విరామంలో నలుగురూ ఒక కాగితం మీద బొమ్మ గీసుకుంటే కనీసం ఎక్కడ కొలవాలో అరగంటలో తేలుతుంది. తర్వాత అధికారికంగా రాసుకోవచ్చు, రాయాలి కూడా, టీ దగ్గర అనుకున్న మాట మీద పట్టాల మీద ఏదీ మార్చకూడదు.

ఏడాది తిరిగేలోపు మీరే ఒక టాక్ ఇవ్వండి. నా మొదటి టాక్‌కి అరవై నాలుగు స్లైడ్లు తీసుకెళ్లాను, పదిహేనో స్లైడ్ దగ్గరే టైం అయిపోయింది, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. ఒకే ఒక్క ఫెయిల్యూర్ తీసుకోండి: మొదట ఏం కనిపించింది, మీరు ఏం అనుకున్నారు, ఎందుకు తప్పుగా అనుకున్నారు, చివరికి ఏం దొరికింది. మీ తప్పు అంచనా చెప్పినప్పుడే హాల్లో వాళ్లు నోట్ రాసుకోవడం మొదలుపెడతారు. పై అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఇంకా విచారణ జరుగుతున్న ప్రమాదం జోలికి అస్సలు వెళ్లొద్దు, మనుషుల పేర్లు తీసేయండి.

సైట్ విజిట్‌లు వస్తే వదలొద్దు, ముఖ్యంగా మీ శాఖది కాని డిపోకో కంట్రోల్ రూమ్‌కో అయితే. మెరిసే జాకెట్, గట్టి బూట్లు ఉండాలి, ఎర్ర బట్టలు వద్దు, దూరం నుంచి చూసే పైలట్‌కి అది ప్రమాద సంకేతంలా కనిపించొచ్చు. ఇన్‌ఛార్జి చెప్పిన గీత దాటకండి, మీకు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా ఆ సైట్‌కి మీరు కొత్తే. ఫొటోలు అడిగి తీయండి.

ప్రతి మీటింగు అయిన రాత్రే మూడు లైన్లు రాసి పెట్టుకోండి: తేదీ, ఏం తెలిసింది, నా పనిలో దేన్ని మారుస్తుంది. చార్టర్డ్ హోదాకో (ఇంజనీరుగా దక్కే ఉన్నత వృత్తి గుర్తింపు) పైమెట్టుకో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నిరంతర అభ్యాసం చూపించమంటారు, అప్పుడు మూడేళ్లు వెనక్కి గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

కమిటీలోకి రమ్మంటే కార్యక్రమాలు చూసే పని అడగండి, అధ్యక్ష పదవి తర్వాత చూసుకోవచ్చు. అక్కడ చేరాక మొదట టైం మార్పించండి. మీటింగులన్నీ సాయంత్రం ఆరు గంటలకి పెట్టి, నైట్ డ్యూటీ వాళ్లు రావట్లేదేంటని వాపోవడం ఎన్నో చోట్ల చూశాను. ట్రాక్ పని ఎక్కువగా రాత్రే కదా జరిగేది. అదే టాక్‌ని నెలకోసారి మధ్యాహ్నం కూడా పెట్టి చూడండి, ఇన్నాళ్లూ ఫీజు కడుతూ ఒక్కసారి కూడా కనిపించని సభ్యులు ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలుస్తుంది.