రెండు టర్బోల కారులో పికప్ పోతే: కోడ్ చెరిపే ముందు

పోయిన వారం డాలస్‌లో మా తోడల్లుడు హైవే ర్యాంప్ మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడు. సగం దూరంలో పవర్ తగ్గిందని లైటు వెలిగింది, కారు ఎద్దుబండి అయిపోయింది. వెనక పెద్ద ట్రక్కు. దాని డ్రైవరు హారన్ కొడుతూ పక్క లేన్‌లోకి తప్పుకున్నాడు కాబట్టి మనిషి మిగిలాడు. ఇంటికొచ్చాక చల్లగా చెప్పాడు: ఆ లైటు రావడం అది నాలుగోసారట. ముందు మూడుసార్లూ ఫోన్‌లో యాప్ తెరిచి కోడ్ (తప్పు ఏమిటో కారు కంప్యూటర్ రాసిపెట్టే నంబరు) చెరిపేశాడట!

వేసవి సెలవులకి పాత బీఎండబ్ల్యూ 335ఐలో లాంగ్ డ్రైవ్ పెట్టుకున్న మనవాళ్లు ఇది చదవండి. ఆయిల్ మార్చారా, ఫిల్టర్ చూశారా అని నేను అడగను.

ముందు మీది నిజంగా రెండు టర్బోల ఇంజినేనా? టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది. బీఎండబ్ల్యూ ఎన్54 ఇంజిన్‌లో రెండు ఉంటాయి, ఒక్కోటి మూడు సిలిండర్లకి. తర్వాత వచ్చిన ఎన్55 మీద ‘ట్విన్‌పవర్’ అని రాసి ఉన్నా లోపల ఉండేది ఒకటే. పేరు చూసి రెండు టర్బోలకి కొటేషన్ తెచ్చుకున్నవాణ్ణి నేను చూశాను.

ఇక అసలు సంగతి. కోడ్ చెరిపేసి మళ్లీ తొక్కకండి. 30ఎఫ్ఎఫ్ అనే కోడ్ వస్తే కంప్యూటర్ అడిగినంత బూస్ట్ (టర్బో ఒత్తి పంపే గాలి పీడనం) రాలేదని మాత్రమే, టర్బో పోయిందని కాదు. టర్బో తర్వాత పైపులో ఎక్కడో గాలి పోతోందనుకోండి. ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ వేస్ట్‌గేట్‌ని (టర్బోని తిప్పే పొగని పక్కకి వదిలే తలుపు) ఇంకా మూస్తుంది, టర్బో ఉండాల్సిన వేగం కన్నా ఎక్కువ తిరుగుతుంది. మీరు చెరిపిన ప్రతిసారీ దానికి ఈ శిక్షే. చిన్న పైపుతో పోయేది రెండు టర్బోల బిల్లుగా మారేది ఇలాగే. పైగా పవర్ తగ్గిందన్న మెసేజ్ హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు పాడైనా వస్తుంది. 2010లో అమెరికాలో ఈ ఇంజిన్లకి రీకాల్ వచ్చింది ఆ పంపు కోసమే. తప్పు గాలిదా, పెట్రోలుదా అని చెప్పేది ఆ కోడే. దాన్ని చెరిపేస్తే ఇక ఊహాగానాలే. కోడ్‌తో పాటు అప్పటి ఆర్‌పీఎం, వేడి కూడా నమోదై ఉంటాయి. ముందు ఫోటో తీసుకోండి.

వెతకడం వేస్ట్‌గేట్‌ని నడిపే వాక్యూమ్ గొట్టాలతో మొదలుపెట్టండి. చాలా పాత టర్బో బండ్లలో వేస్ట్‌గేట్ స్ప్రింగ్‌తో మూసుకుని ఉంటుంది, బూస్ట్ దాన్ని తెరుస్తుంది. ఎన్54లో లెక్క తిరగబడింది: వాక్యూమ్ లాగితేనే మూసుకుంటుంది, లేకపోతే తెరిచే ఉంటుంది. అందుకే ఇంజిన్ వేడికి ఎండి పగిలిన వేలెడంత రబ్బరు గొట్టం చాలు, టర్బోని తిప్పాల్సిన పొగ పక్కనుంచి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, బూస్ట్ రాదు. చేతి వాక్యూమ్ పంపు తగిలించండి. వేస్ట్‌గేట్ రాడ్ కదలాలి, కదిలి అక్కడే నిలవాలి. మెల్లగా జారిపోతే లీకే. ఆ తర్వాత ఆ వాక్యూమ్‌ని అదుపు చేసే రెండు సోలెనాయిడ్లు, కాలు తీసినప్పుడు మిగిలిన బూస్ట్‌ని వదిలే డైవర్టర్ వాల్వులు, థ్రాటిల్‌కి వెళ్లే ప్లాస్టిక్ చార్జ్ పైపు, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ జాయింట్లు చూడాలి. స్టార్టింగ్‌లో డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వస్తుంటే వేస్ట్‌గేట్ దగ్గర అరుగుదల మొదలైంది.

చార్జ్ పైపు లీకు కంటికి కనపడదు. పొగ పెట్టి చూడాలి, లేదా కంప్రెసర్ గాలి పెట్టాలి. ఇంకో దెబ్బ ఇక్కడే తగులుతుంది:

కంపెనీ సెట్టింగ్‌లో బూస్ట్ సుమారు 0.6 బార్, అంటే దాదాపు 9 పీఎస్ఐ. పరీక్షకి 10 పీఎస్ఐ చాలు, 60 పెట్టకండి. పరీక్షకి గాలి దారిని బిగించిన మూత ఊడితే తుపాకీ గుండే.

ముఖం ఆ మూతకి ఎదురుగా పెట్టొద్దు.

ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే దారులు రెండు. రెండూ మూయాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందకి దూరొద్దు. స్టాండ్లు వేయండి.

ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. బూస్ట్ సెన్సర్ దాదాపు 1 బార్ చూపాలి, అది బయటి గాలి పీడనం. అదే చూపకపోతే ముందు సెన్సర్ సంగతి తేల్చండి.

పైపులో సన్నటి ఆయిల్ పొర ఉంటే కంగారొద్దు. మడుగు కట్టి ఉంటే బండి కదపొద్దు.

నడుపుతూ రీడింగ్ చూడొద్దు. పక్కన ఇంకో మనిషి ఉండాలి.

లీకు తేలకుండా ట్యూన్ వేయించొద్దు. బూస్ట్ తక్కువైందని బూస్ట్ పెంచే ఫైలు ఎక్కించడం కోడ్ చెరపడం కన్నా ఘోరం.

పొగ పరీక్ష చేయకుండా టర్బోలు మార్చాలన్న మెకానిక్‌కి నమస్కారం పెట్టి వచ్చేయండి.

కోడ్ చెరపొద్దు. మళ్లీ చెబుతున్నా, చెరపొద్దు.

రోడ్డు మీద పవర్ పోతే హజార్డ్ లైట్లు వేసి పక్కకి ఆపండి. ఆపి స్టార్ట్ చేస్తే పవర్ తిరిగొస్తుంది. మా తోడల్లుణ్ణి మోసం చేసింది అదే. తిరిగొచ్చినా తొక్కొద్దు, కుడి లేన్‌లో మెల్లగా ఇంటికి రండి.