విత్తనశుద్ధి డ్రమ్ము తిప్పే ముందు

మొన్నటి పదునుకు మా పక్క ఊళ్లో వేరుశనగ వేసిన ఒక రైతు చేనులో సగం కూడా మొలవలేదు. విత్తనం మంచిది కాదని అందరూ అన్నారు. మిగిలిన సంచి విప్పించి చూశాను. గుప్పెడు తీస్తే అందులో పొర ఊడి తెల్లగా తేలినవి, రెండు బద్దలైనవే ఎక్కువ. విత్తనానికి మందు పట్టించడానికి చేత్తో తిప్పే డ్రమ్ము అడుగున మందుతో కలిసి ఎర్రటి పొట్టు పేరుకుని ఉంది. విత్తనం తప్పేమీ లేదు, ఎక్కువసేపు తిప్పారు.

మందు మోతాదు చాలామందికి తెలుసు: బూజు పట్టకుండా కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్, లేదా 1 గ్రాము టెబుకొనజోల్ 2 డి.ఎస్. (విత్తనానికి పట్టించే 2 శాతం పొడి మందు). నేను చెప్పదలచుకున్నది తిప్పడం గురించి. తడి తగలగానే పొర మెత్తబడుతుంది. ఆపైన తిప్పే ప్రతి చుట్టూ గింజకు గింజకు మధ్య రాపిడే. పొర పోయిన పప్పులోకి మట్టిలోని బూజు నేరుగా దిగుతుంది, మొలక మొదట్లోనే కుళ్లిపోతుంది. గింజ కొసన చిన్న ముక్కు ఉంటుంది చూడండి, మొలక వచ్చేది అక్కడినుంచే. అది విరిగితే పైకి గింజ బాగున్నట్టే కనిపిస్తుంది కానీ మొలవదు.

డ్రమ్ములో సగానికి మించి పోయకండి. నిండా పోస్తే మధ్య గింజకు మందు అందదు, దానికోసం ఇంకా తిప్పుతారు. మరీ తక్కువ పోసినా ముప్పే. గింజలు పైకెక్కి రేకు మీద పడి బద్దలవుతాయి.

మెల్లగా తిప్పండి. దబదబ చప్పుడు వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే.

పది చుట్లకోసారి ఆపి మూత తీసి చూడండి. అన్ని గింజలకూ రంగు పట్టిందా, ఇక ఆపేయండి. ఇంకో నాలుగు చుట్లు అనొద్దు. ఆ నాలుగు చుట్లే చేను పాడు చేస్తాయి.

తడి ఎక్కువ పోయొద్దు. బద్దలు, పొర ఊడినవి ముందే ఏరేయండి. లోపల తుప్పు, పైకి లేచిన బోల్టు ఉంటే ఆ డ్రమ్ము వాడొద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, నీడలోనే. ఆరాక సంచులు ఎత్తి పడేయొద్దు. చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ. పిల్లలకు హ్యాండిల్ ఇవ్వొద్దు. మందు కలిపిన గింజ మేకలకు, కోళ్లకు అందకూడదు. మిగిలిందని ఇంట్లోకి తేవొద్దు. కూలీలను పెట్టి తిప్పిస్తుంటే పక్కనే ఉండండి. రంగు పట్టిందంటే ఆపించండి.