తొలకరి ముందు ఇంటి షెడ్డులో ట్రాక్టరు పనిముట్లు చేసుకునేవాళ్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తె వచ్చిందంటే గుంటూరు జిల్లా పల్లెల్లో వెల్డింగ్ మెరుపులు మొదలవుతాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలేలోపు డెల్టా రైతుకు దమ్ము చక్రాలు సిద్ధం కావాలి. పత్తిపాడు, పెదనందిపాడు వైపు నల్లరేగడి రైతుకు మృగశిర వానకల్లా గొర్రు, గుంటక బాగై ఉండాలి. ఈ రోజుల్లో విజయవాడ ఆటోనగర్‌లో చేయిద్దామంటే మజూరీ ఒక ఎత్తు, వాళ్ల చుట్టూ తిరగడం ఒక ఎత్తు. పైగా ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్లు చేత్తో పట్టుకుపోయేంత చిన్నవయ్యాయి. అందుకే చాలామంది ఇంటి పక్క రేకుల షెడ్డులో తామే మొదలుపెడుతున్నారు. మంచిదే. తన పొలానికి తగ్గట్టు తాను చేసుకున్న పనిముట్టు కొన్నదానికంటే చాలాసార్లు బాగా పనిచేస్తుంది.

ఒక్కటి మాత్రం ముందే ఆలోచించాలి. షెడ్డులో తగిలే దెబ్బ చేసేవాడికే తగులుతుంది, చాలావరకు అప్పుడే తెలుస్తుంది. అతుకు సరిగా పడని పనిముట్టు నెల తర్వాత నడి పొలంలో విరుగుతుంది. అప్పుడు దాని దగ్గర ఉండేది మీరు కాకపోవచ్చు, డ్రైవరో కూలీయో కావచ్చు.

ఏది చేయొచ్చు, ఏది వద్దు

టూల్ బాక్సు, నీళ్ల క్యాను స్టాండు, స్ప్రేయర్ ట్యాంకు కూర్చునే ఫ్రేము, ముందు బరువులకు బ్రాకెట్టు, గట్లు సరిచేసే బ్లేడు, గొర్రు ఫ్రేము ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు. ట్రక్కు (ట్రైలరు) తగిలించే హుక్కు, డ్రాబార్ (ట్రాక్టరు వెనక బరువు లాగే కడ్డీ), ట్రక్కు ఇరుసు, స్టీరింగ్ రాడ్లు, బ్రేకు పెడలు, పీటీవో షాఫ్టు (ఇంజను బలాన్ని పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీ) జోలికి మాత్రం వెళ్లకండి. విరిగితే బండి అదుపు తప్పే భాగాలివి. వంగాయని కాల్చి సాపు చేయడం, పగిలాయని అతకడం కూడా వద్దు. కొత్తవి కొనండి.

పైన నీడ కోసం పైపులతో టాపు చేసుకునేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అది ఎండనే ఆపుతుంది, ట్రాక్టరు తిరగబడితే మనిషిని కాపాడదు. సీటు వెనక కంపెనీ ఇచ్చిన రక్షణ కడ్డీ ఉంటే దానికి బెజ్జాలు వేయొద్దు, వెల్డింగ్ పెట్టొద్దు. వేడి తగిలినచోట దాని బలం మారిపోతుంది. మడ్‌గార్డు మీద అదనపు సీటు బిగించమని ఇంట్లో పిల్లలు అడుగుతారు. ఎంత బతిమాలినా చేయకండి.

హుక్కు ఎత్తు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ప్రాణాల మీదికి తెచ్చుకునేది ఇక్కడే. ట్రాక్టరు ఏ బరువు లాగినా లాగే చోటు వెనక ఇరుసు మధ్య గీతకంటే కిందే ఉండాలి. వెనక పైభాగాన ఉండే టాప్ లింక్ బ్రాకెట్టుకో, సొంతంగా పైన వెల్డింగ్ చేసిన కొక్కానికో గొలుసు కట్టి లాగితే ముందు చక్రాలు లేస్తాయి. అలా లేచిన ట్రాక్టరు వెల్లకిలా పడడానికి ఒకటిన్నర సెకను చాలు, క్లచ్ మీద కాలు పడేలోపే అంతా అయిపోతుంది. దమ్ములో దిగబడ్డప్పుడు వెనక చక్రాలకు దుంగలు కట్టి ముందుకు ఉరికించేవాళ్లకూ ఇదే ప్రమాదం. చక్రం తిరగలేకపోతే ఇంజను బలం బండి ముందు భాగాన్నే పైకి తిప్పుతుంది. కాబట్టి బురదలోంచి ఏదైనా లాగాల్సి వస్తే సొంత కొక్కేనికి కాకుండా డ్రాబార్‌కే గొలుసు కట్టండి.

త్రీ పాయింట్ లింకేజీకి (ట్రాక్టరు వెనక కింద రెండు, పైన ఒకటి ఉండే చేతులకు) తగిలించే పనిముట్టయితే కొలతలు కంటితో కాకుండా టేపుతో తీసుకోవాలి. లింకేజీ సైజు కేటగిరీ 1 అయిన ట్రాక్టరుకు కింది పిన్నులు 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. కేటగిరీ 2కి సుమారు 28, 25. పెద్ద బెజ్జంలో చిన్న పిన్ను దూర్చి వాషర్లతో సర్దితే ప్రతి కుదుపుకీ పిన్ను కొట్టుకుంటుంది, బెజ్జం కోడిగుడ్డులా సాగిపోతుంది. బుష్షులు లేత్ మీద తిప్పించుకోవడానికి పెద్దగా ఖర్చవదు. బోల్టు తల మీద బలాన్ని తెలిపే 8.8 అనో 10.9 అనో అంకె ఉందో లేదో చూడండి. ఏ అంకే లేని బోల్టును బరువు పడేచోట వాడకండి.

ఇనుము సంగతి

పాత ఇనుము కొట్లలో లారీ కమాను పట్టీలు, రైలు పట్టా ముక్కలు చవగ్గా వస్తాయి, గట్టిగానూ ఉంటాయి. గొర్రు కాళ్లకు అంతకంటే మంచిది లేదని చాలామంది నమ్మకం. గట్టితనం నిజమే గానీ వాటిలో కార్బన్ ఎక్కువ. మామూలు యాంగ్లర్‌కు అతికినట్టు అతికితే, చల్లారేటప్పుడు అతుకు పక్కనే ఇనుము గాజులా పెళుసెక్కి సన్నగా పగులుతుంది. ఆ పగులు పైకి కనబడదు. అందుకే కమాను పట్టీని వెల్డింగ్ చేయకుండా క్లాంపులు, బోల్టులతో బిగించడమే మేలు. వెల్డింగ్ తప్పదంటే ముందు బాగా వేడి చేయాలి, తర్వాత పొడి ఇసుకలోనో బూడిదలోనో పెట్టి నెమ్మదిగా చల్లారనివ్వాలి. నీళ్లు మాత్రం పోయకూడదు.

పెట్టెలకు, స్టాండ్లకు 6013 రకం వెల్డింగ్ రాడ్డు సరిపోతుంది. బరువు లాగే అతుకులకు 7018 మంచిది. కానీ ప్యాకెట్టు విప్పిన కొన్ని గంటలకే దానికి తేమ పడుతుంది. కిందటేడు మిగిలి షెడ్డు మూల పడి ఉన్న 7018 రాడ్లతో గొర్రు ఫ్రేము అతకడమంటే పేరుకే మంచి రాడ్డు వాడినట్టు.

ఎండ, చెమట, కరెంటు

మే నెలలో బయట 44 డిగ్రీలుంటే రేకుల కింద ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకు ఆపేయడం ఉత్తమం. వడదెబ్బ ఒక్కటే కాదు కారణం. వెల్డింగ్ మిషను పని మధ్యలో ఆగినప్పుడు హోల్డరు దగ్గర 70, 80 వోల్టుల దాకా ఉంటుంది. ఒళ్లు పొడిగా ఉంటే జిల్లుమని వదిలేస్తుందేమో గానీ, చెమటతో తడిసిన చేతితో రాడ్డు మారుస్తూ ఉత్తకాళ్లతో తడి నేల మీద నిలబడితే అది ప్రాణం తీయగలదు. ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) పెట్టించామని ధీమా పడేవాళ్లున్నారు. అది మిషనులోకి వచ్చే కరెంటును కాపలా కాస్తుంది, హోల్డరు వైపు కరెంటును పట్టించుకోదు. పొడి తోలు గ్లవుజులు రెండు జతలు ఉంచుకుని మార్చుకుంటూ ఉండండి. కాళ్ల కింద పొడి చెక్క వేసుకోండి. కేబుల్ తోలు లేచినచోట టేపు చుట్టి సరిపెట్టకుండా మార్చేయండి.

లుంగీ, పాలిస్టర్ చొక్కా, మెడలో తుండు వెల్డింగ్‌కు పనికిరావు. మందపాటి కాటన్ ప్యాంటు, బూట్లు వేసుకోండి. ప్యాంటు అంచు పైకి మడవకూడదు, నిప్పురవ్వ ఆ మడతలోనే పడుతుంది. డ్రిల్లు దగ్గర మాత్రం గ్లవుజులు, చేతికి కట్టిన తాళ్లు తీసేయాలి.

నిప్పు విషయంలో మన ఇళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. షెడ్డు పక్కనే గడ్డివాము, వెనక గదిలో ధర కోసం దాచిన పత్తి, చూరు కింద మిరప టిక్కీలు ఉంటాయి. నిప్పురవ్వలు 35 అడుగుల దాకా ఎగరగలవు, వడగాలి ఉంటే ఇంకా దూరం పోతాయి. పత్తిలో పడ్డ రవ్వ మంట రాకుండా లోలోపలే గంటలకొద్దీ రాజుకుంటుంది. అందుకే పని అయ్యాక షెడ్డుకు తాళం వేసి భోజనానికి వెళ్లిపోకండి, కనీసం అరగంట అక్కడే ఉండి చూడండి. పత్తి ఉన్న ఇంట్లో వెల్డింగ్ అసలు పెట్టుకోకపోవడమే నా మాట. మిషను మోసుకెళ్లేదే కదా, కళ్లంలో పెట్టుకోండి.

ఖాళీ డీజిల్ డ్రమ్మును కోసి ఏదో ఒకటి చేద్దామన్న ఆలోచన ప్రతి షెడ్డులోనూ వస్తుంది. డీజిల్ లేకపోయినా ఆవిరి ఉంటుంది, నీళ్లతో కడిగినా మడతల్లో మిగులుతుంది, కట్టరు తగలగానే పేలుతుంది. పురుగుమందు డ్రమ్మయితే పొగ కూడా విషమే. ఆ పని వద్దు.

పొగ, కళ్లు, గ్రైండరు

జీఐ (జింకు పూత ఉన్న) పైపు వెల్డింగ్ చేసిన రోజు రాత్రి జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు వస్తే ఎండ తగిలిందనుకుంటారు. అది జింకు పొగ వల్ల వచ్చే జ్వరం కూడా కావచ్చు, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. పాలు తాగినా బెల్లం తిన్నా అది ఆగదు. అతికేచోట అటూ ఇటూ రెండేసి అంగుళాలు పూత గీకేసి, గాలి ఎటు వీస్తోందో చూసి పొగ మొహానికి తగలకుండా నిలబడాలి. ఊపిరి ఆడకపోతే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ పెడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టుకోండి చాలు.

కళ్లకు 10 లేదా 11 నంబరు అద్దమున్న హెల్మెట్ వాడాలి, చలువ కళ్లజోడు చాలదు. మెరుపు చూసిన కళ్లు అప్పుడేమీ అనవు. కొన్ని గంటలు గడిచాక, అర్ధరాత్రి, ఇసుక పోసినట్టు మండుతాయి. పక్కన పట్టుకున్న కుర్రాడికీ, గుమ్మంలో నిలబడి చూసిన పిల్లలకూ అంతే. బంగాళదుంప ముక్కలు, చనుబాలు వద్దు. కంటి డాక్టరుకు చూపించండి.

గ్రైండరు విషయంలో అంకెలు చూడటం నేర్చుకోవాలి. నాలుగంగుళాల మిషను నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. దానికి సరిపోయే 100 మి.మీ. బిళ్ల మీద 15,300 దాకా అని రాసి ఉంటుంది. ఏడంగుళాల బిళ్లకు హద్దు 8,500. గార్డు ఊడదీసి పెద్ద బిళ్ల బిగిస్తే మొదటి నిమిషంలోనే పగలొచ్చు. కటింగ్ బిళ్లతో పక్కవాటుగా అరగదీయకూడదు. కట్టె కోసే పళ్ల బ్లేడు గ్రైండరుకు బిగించేవాళ్లు చేతులు పోగొట్టుకుంటున్నారు, అయినా మానడం లేదు.

ట్రాక్టరు మీదే వెల్డింగ్ చేయాల్సి వస్తే

ముందు బ్యాటరీ తీగలు విప్పేయండి, నెగెటివ్ మొదట. 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఉంటే దాని ప్లగ్గు కూడా తీయాలి. ఎర్త్ క్లాంపు అతికేచోటుకు పక్కనే ఉండాలి. ఎక్కడో చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. ఇంకా మంచిది, ఆ భాగాన్ని విప్పి బల్ల మీద చేయడం.

లిఫ్ట్ మీద ఎత్తిపెట్టిన పనిముట్టు కిందకు దూరకండి. జాకీ ఒక్కదాన్నీ నమ్మకండి, సిమెంటు ఇటుకలను అసలే నమ్మకండి. గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. హైడ్రాలిక్ గొట్టం ఎక్కడ కారుతోందో వేలితో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. సన్నటి బెజ్జంలోంచి వచ్చే ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. గాయం సూది గుచ్చినట్టు చిన్నగా ఉంటుంది, నొప్పి కూడా మొదట ఉండదు. కానీ గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలు, చెయ్యి పోతాయి. 108కి ఫోను చేసి గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి, ఆయిలు లోపలికి ఎక్కిందని అక్కడ స్పష్టంగా చెప్పాలి.

పీటీవో నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. కొంగో తుండో చిక్కితే లాక్కునే సమయముండదు. మీ కొత్త బ్రాకెట్టు అడ్డొస్తోందని దాని ప్లాస్టిక్ కవరు తీసేయొద్దు, బ్రాకెట్టునే మార్చండి.

చట్టం సంగతి క్లుప్తంగా: కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ వస్తుంది. విప్పి తీసేయగలిగేలా బోల్టులతో బిగించుకోండి. ఇనుప దమ్ము చక్రాలతో తారురోడ్డు ఎక్కకండి.

అంతా అయ్యాక రంగు వేయాలని చేతులు దురద పెడతాయి. తొందరపడొద్దు. అతుకులకు రంగు వేయకుండా ముందు ఒక మూల మడిలో, చుట్టూ మనుషులు లేకుండా, తక్కువ గేరులో నడిపించండి. ఆపి, ఇంజను కట్టేసి, పనిముట్టు నేల మీద దించాక ప్రతి అతుకునీ టార్చి వేసి చూడండి. పగులు కనబడితే దానిమీదే ఇంకో పూత వెల్డింగ్ వేయకండి. పగులు చివర్లలో చిన్న బెజ్జాలు వేసి, అడుగుదాకా గ్రైండరుతో తీసేసి, కొత్తగా అతకండి. అదే చోట రెండోసారి పగిలితే లోపం వెల్డింగ్‌లో కాదు, ప్లేటు మందంలోనో డిజైన్‌లోనో ఉంది. ఆ ముక్క కోసి పక్కన పెట్టి, మందం పెంచి మళ్లీ చేయండి.