‘రీచ్’ అనే ఇంగ్లీషు క్రియను వాక్యంలో వాడే పద్ధతి

కర్నూలులో బస్సెక్కి అనంతపురంలో దిగిన విద్యార్థి ఇంటికి పంపే మెసేజ్‌లో ‘ఐ రీచ్డ్ టు అనంతపూర్’ అని రాయడం మన సీమలో తరచుగా కనిపించే తప్పు. ‘అనంతపురానికి చేరాను’ అనే తెలుగు వాక్యంలో ఉన్న ‘కి’ విభక్తిని వదల్లేక, దానికి బదులుగా ‘టు’ను తెచ్చి పెడుతున్నాము. ఒక చోటికి చేరడమనే అర్థంలో రీచ్ సకర్మక క్రియ కనుక, చేరిన ఊరు కర్మగా దాని పక్కనే నేరుగా నిలుస్తుంది: ‘ఐ రీచ్డ్ అనంతపూర్’, ‘ద ట్రైన్ రీచెస్ గుంతకల్ ఎట్ సిక్స్’. హోమ్, హియర్, దేర్ అనే మాటల ముందు కూడా ‘టు’ రాదు. దాదాపు ఇదే అర్థమున్న అరైవ్ మాత్రం అకర్మక క్రియ. అందువల్ల ‘అరైవ్డ్ ఇన్ కడప’, ‘అరైవ్డ్ ఎట్ ద స్టేషన్’ అని రాయాలి.

భూతకాలానికీ పాస్ట్ పార్టిసిపుల్‌కూ రూపం ఒక్కటే, రీచ్డ్. పలికేటప్పుడు చివర ‘ట్’ వినబడాలి. డిడ్ వచ్చిందంటే భూతకాలాన్ని అదే మోస్తుంది కనుక ‘ద బస్ డిడ్ నాట్ రీచ్ ఆదోని’ అనాలే తప్ప, రీచ్డ్ అనకూడదు. చేరి ఇప్పుడు అక్కడే ఉన్నామని చెప్పడానికి ‘ఐ హ్యావ్ రీచ్డ్ కడప’ సరిపోతుంది. అయితే ‘యెస్టర్‌డే’ అని కాలం చెప్పిన వాక్యంలో ఈ హ్యావ్‌ను తీసేయవలసిందే. బస్సు డోన్ కూడా దాటకముందే ఫోన్‌లో ‘ఐ యామ్ రీచింగ్’ అనేవారు మనలో చాలామంది ఉన్నారు. వ్యాకరణం మాట అటుంచి, ఆ మాట వినేవారికి ఎంతసేపట్లో వస్తారో చెప్పదు కాబట్టి, ‘ఐ విల్ రీచ్ అనంతపూర్ ఇన్ టూ అవర్స్’ అనడమే నయం.

చేరేది మనుషులే కానక్కరలేదు. హంద్రీ-నీవా కాలువ గురించి ‘ద వాటర్ రీచ్డ్ జీడిపల్లి’ అనవచ్చు. ఎండ గురించి ‘ద టెంపరేచర్ రీచ్డ్ ఫార్టీ త్రీ డిగ్రీస్’ అనవచ్చు. ఒప్పందం కుదిరితే కర్మణి ప్రయోగంలో ‘యాన్ అగ్రిమెంట్ వాజ్ రీచ్డ్’ అవుతుంది.

‘రీచ్ ఫర్’ అంటే ఒక వస్తువును అందుకోవడానికి చేయి చాచడం. అది అందిందని మాత్రం అర్థం కాదు. సహాయానికో సంప్రదింపుకో ఒకరిని పలకరించడాన్ని చెప్పే ‘రీచ్ అవుట్ టు’లో మాత్రం ‘టు’ తప్పనిసరి. మందుల డబ్బా మీద పిల్లలకు అందకుండా ఉంచమని చెప్పే ‘అవుట్ ఆఫ్ ద రీచ్ ఆఫ్ చిల్డ్రన్’లో ఇది నామవాచకం. ఫోన్ కలవనప్పుడు వినిపించే ‘నాట్ రీచబుల్’లోని రీచబుల్ దీని నుంచి వచ్చిన విశేషణమే.