సొంతంగా చేసుకున్న ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాల్ డిస్క్ ఎక్కడ ఆగింది? సమస్య - పరిష్కారం

"అన్నా, డిస్క్ బూట్ అవ్వట్లేదు."

పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ఫ్యాక్టరీ నుంచి మా టీమ్‌లోని కర్నూలు అబ్బాయి ఫోన్. నేనేమో మారతహళ్లిలో, బెంగళూరుకు ఈ చివర. అక్కడ 14 మెషిన్లలో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి. ఇంటర్నెట్ లేదు. సెక్యూరిటీ రూల్ ప్రకారం యూఎస్‌బీ పోర్టులు మూసేశారు. మిగిలిన దారి డీవీడీ డ్రైవ్ ఒక్కటే. అందుకే మా సెట్టింగులన్నీ కలిపి, ఎవరూ ఏమీ నొక్కక్కర్లేకుండా దానంతటదే ఇన్‌స్టాల్ అయ్యే డిస్క్ ఒకటి తయారు చేసి పంపాం.

"టెన్షన్ పడకు. స్క్రీన్ మీద చివరి లైన్ ఏముందో చదువు" అన్నాను.

"బూట్ అవ్వట్లేదు" అన్న మాటతో ఏమీ తెలియదు. మారతహళ్లి నుంచి రింగ్ రోడ్డు మీద పీణ్యకు బయల్దేరినవాళ్లు ఇంకా రాలేదంటే టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఉన్నారా, హెబ్బాళ దగ్గరా, గొరగుంటెపాళ్య దాటారా అని అడుగుతాం కదా. ఇదీ అంతే. ఫర్మ్‌వేర్ (మెషిన్ ఆన్ కాగానే ముందు నడిచేది; పాతవాటిలో బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ) డిస్క్‌ను చూసి పనిని లోడర్‌కు అప్పజెబుతుంది. లోడర్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది. కెర్నల్ ఆ డిస్క్‌నే రూట్‌గా మౌంట్ చేసుకుంటుంది, అంటే ఫైళ్లన్నిటికీ మూల ఫోల్డర్‌గా తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఇన్‌స్టాలర్, చివర్లో మన స్క్రిప్ట్. చివరి లైన్ చూస్తే ఇందులో ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. కింద సమస్యలన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

కమాండ్లు, ఫైల్ పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు దాదాపు అన్నీ చిన్న ఇంగ్లీష్ అక్షరాలే. మానిఫెస్ట్ ఫైల్ పేరు, పార్టిషన్స్, డిస్ట్రిబ్యూషన్స్ అనే వేరియబుల్స్, డీఫాల్ట్ అనే విలువ మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి. నాన్‌ఇంటరాక్టివ్‌లో మధ్యలోని ఐ ఒక్కటి పెద్దక్షరం.

డిస్క్ పెట్టినా పట్టించుకోకుండా హార్డ్ డిస్క్‌కే వెళ్లిపోతోంది

ముందు ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. లోపల ఒకే ఒక్క ఐఎస్‌ఓ ఫైల్ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా ఉంచే ఇమేజ్) కనిపిస్తే, ఇమేజ్‌ను ఇమేజ్‌గా రాయకుండా మామూలు ఫైల్‌లా కాపీ చేశారన్నమాట. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో "ఇమేజ్ బర్న్" ఎంచుకుని మళ్లీ రాయాలి.

లోపల బూట్, ఈటీసీ, యూఎస్‌ఆర్ ఫోల్డర్లు కనిపిస్తున్నా బూట్ కాకపోతే, లోపం బూట్ రికార్డులో ఉంది. సీడీ నుంచి బూట్ అయ్యే పద్ధతికి ఎల్ టొరిటో అని పేరు. ఫీనిక్స్, ఐబీఎం కలిసి 1995లో తెచ్చాయి. 2,048 బైట్ల సెక్టార్లలో 17వ నంబర్ సెక్టార్‌లో ఆ రికార్డు ఉండాలి. ఫోల్డర్‌ను ఐఎస్‌ఓగా మార్చినంత మాత్రాన అది దానంతటదే రాదు. పైగా పాత బయోస్‌కు ఒక ఎంట్రీ, యూఈఎఫ్‌ఐకి వేరే ఎంట్రీ కావాలి. ఒకటే ఉంటే కొన్ని మెషిన్లలో పనిచేసి కొన్నింట్లో మొరాయిస్తుంది.

ఈ రెండింటినీ చేత్తో కట్టుకునే ప్రయత్నం చేయకండి. ఫ్రీబీఎస్‌డీ సోర్సులో, రిలీజ్ ఫోల్డర్ కింద ఏఎండీ64లో ఎంకేఐఎస్‌ఓఇమేజెస్ అనే షెల్ స్క్రిప్ట్ ఉంది. డ్యాష్ బీ, తర్వాత లేబుల్ (డిస్క్‌కు పెట్టే పేరు), తర్వాత ఐఎస్‌ఓ పేరు, చివర మీ ఫోల్డర్ ఇస్తే రెండు ఎంట్రీలూ అదే పెడుతుంది. అధికారిక డిస్కులు తయారయ్యేదీ దాంతోనే.

ఇవన్నీ సరిగ్గా ఉండి యూఈఎఫ్‌ఐ మెషిన్ మాత్రమే ఒప్పుకోకపోతే దాని సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి చూడండి.

కెర్నల్ మెసేజ్‌లు గబగబా వెళ్లి, మౌంట్‌రూట్ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగింది

ఆ రోజు పీణ్యలో జరిగింది ఇదే. సొంత డిస్క్ చేసేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

ఆ అబ్బాయి ఫోన్‌లో చదివిన లైన్ సారాంశం: సీడీ9660 (సీడీ, డీవీడీల ఫైల్ సిస్టమ్‌కు ఫ్రీబీఎస్‌డీ పేరు) నుంచి మౌంట్ చేయబోతే ఎర్రర్ 19. ఈ 19కి అర్థం "అలాంటి డివైస్ లేదు". డిస్క్ పాడవలేదు, డ్రైవ్ చెడిపోలేదు. కెర్నల్ ఏదో పేరు పట్టుకుని వెతుకుతోంది, ఆ పేరుతో ఏమీ దొరకట్లేదు.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? లోడర్ డిస్క్‌లోని ఈటీసీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఫైల్) చదివి, రూట్ ఎక్కడుందో కెర్నల్‌కు చెబుతుంది. అధికారిక డిస్క్‌ను విప్పితే దాని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ కూడా వస్తుంది. అందులో డెవ్ కింద ఐఎస్‌ఓ9660, దాని తర్వాత ఆ రిలీజ్ లేబుల్ రాసి ఉంటుంది. మనం ఫోల్డర్‌ను ఐఎస్‌ఓగా మార్చే మేక్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో కొత్త ఐఎస్‌ఓ చేస్తూ వేరే లేబుల్ ఇచ్చాం. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మాత్రం పాత లేబులే ఉండిపోయింది. ఇల్లు మారి పాత అడ్రస్‌కే ఉత్తరం వేయించుకున్నట్టయింది.

అప్పటికప్పుడు బయటపడాలంటే ఆ ప్రాంప్ట్ దగ్గర ప్రశ్నార్థకం కొట్టి ఎంటర్ నొక్కాలి. కెర్నల్‌కు కనిపిస్తున్న డివైసుల లిస్టు వస్తుంది. అందులో సీడీ0 ఉంటే, సీడీ9660, కోలన్, స్లాష్ డెవ్ స్లాష్ సీడీ0, ఒక స్పేస్, ఆర్‌ఓ అని టైప్ చేయండి. మా వాడు అలా చేయగానే ఇన్‌స్టాలర్ లేచింది. "వచ్చిందన్నా!" అన్న ఆ గొంతు నాకింకా గుర్తుంది.

శాశ్వతంగా సరిచేయాలంటే లేబుల్, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రెండింట్లో ఒకే పేరు ఉండాలి. పైన చెప్పిన స్క్రిప్ట్ వాడితే కొత్త ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను అదే రాస్తుంది. మేక్‌ఎఫ్‌ఎస్ నేరుగా వాడితే మాత్రం ఆ బాధ్యత మీదే. లేబుల్‌లో పెద్దక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ పెట్టకండి. 32 అక్షరాలు దాటకూడదు.

సీడీ0 లిస్టులో కనిపిస్తోంది, పేరూ సరిపోయింది, అయినా ఎర్రర్ 19 వస్తోందా? అప్పుడు డ్రైవ్ ఆలస్యంగా లేస్తోందని అర్థం. పాత డీవీడీ డ్రైవులు డిస్క్‌ను తిప్పి గుర్తుపట్టడానికి కొన్ని సెకన్లు తీసుకుంటాయి. కెర్నల్ మామూలుగా 3 సెకన్లే ఆగుతుంది. అందుకే అధికారిక డిస్క్‌లో బూట్ కింద లోడర్ కాన్ఫ్ ఫైల్‌లో వీఎఫ్‌ఎస్ డాట్ మౌంట్‌రూట్ డాట్ టైమ్‌అవుట్ విలువ 10 అని ముందే పెట్టి ఉంటుంది. మనం సొంత లోడర్ కాన్ఫ్‌ను దాని మీద కాపీ చేస్తే ఆ లైన్ పోతుంది. మీ లైన్లు ఆ ఫైల్ చివర చేర్చండి, ఫైల్‌ను మార్చేయకండి.

రూట్ మౌంట్ అయింది, వెంటనే ఏదో ఫైల్ లేదంటూ కూలిపోయింది

దీనికి కారణం ఎక్కువగా రాక్ రిడ్జ్ అనే ఐఎస్‌ఓ 9660 పొడిగింపు లేకపోవడం. ఐఎస్‌ఓ 9660 అంటే సీడీలో ఫైళ్లు అమర్చే ప్రమాణం. దాని అసలు నియమాల ప్రకారం మొదటి లెవెల్‌లో ఫైల్ పేరు 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్ 3 అక్షరాలు, ఒకే చుక్క. ఫ్రీబీఎస్‌డీలో ప్రోగ్రాములను లేపే లోడర్ ఫైల్ పేరు చూడండి: ఎల్‌డీ, హైఫన్, ఈఎల్‌ఎఫ్, చుక్క, ఎస్‌ఓ, చుక్క, 1. హైఫన్ చెల్లదు, రెండో చుక్క చెల్లదు. ఆ పేరు ముక్కలైపోతే షెల్ కూడా లేవదు. పొడవు పేర్లు, పర్మిషన్లు, సింబాలిక్ లింకులు నిలవాలంటే రాక్ రిడ్జ్ ఉండాల్సిందే. మేక్‌ఎఫ్‌ఎస్‌లో డ్యాష్ ఓ తర్వాత రాక్‌రిడ్జ్, ఐఎస్‌ఓ కట్టే ఇంకో కమాండ్ ఎంకేఐఎస్‌ఓఎఫ్‌ఎస్‌లో డ్యాష్ పెద్ద ఆర్.

ఇంకో కారణం, అధికారిక ఐఎస్‌ఓను విండోస్‌లో విప్పి, ఆ ఫోల్డర్‌ను పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోవడం. లింకులు, ఓనర్లు, పర్మిషన్లు దారిలోనే పోతాయి. ఫ్రీబీఎస్‌డీ మెషిన్‌లోనే, రూట్ యూజర్‌గా, టార్‌తో డ్యాష్ పీ కలిపి విప్పండి. అక్కడి టార్ ఐఎస్‌ఓను నేరుగా చదవగలదు. మామూలు యూజర్‌గా విప్పితే ఫైళ్లన్నీ ఆ యూజర్ పేరు మీదే డిస్క్‌లోకి వెళ్తాయి.

ఇన్‌స్టాలర్ వచ్చింది, బేస్ ఫైల్ చెక్‌సమ్ కలవలేదంటోంది

సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే బేస్ డాట్ టీఎక్స్‌జెడ్‌లో మీ ఫైళ్లు చేర్చి మళ్లీ ప్యాక్ చేసి ఉంటారు. పక్కనే ఉన్న మానిఫెస్ట్ ఫైల్‌లో దాని పాత ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ మారితే తానూ మారే చెక్‌సమ్) ఉంది. సోర్సులోని మేక్‌మానిఫెస్ట్ స్క్రిప్ట్‌ను కొత్త ఫైళ్ల మీద నడిపి మానిఫెస్ట్‌ను మార్చండి.

అసలు బేస్‌ను ముట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. మీ మార్పులన్నీ చివర నడిచే స్క్రిప్ట్‌లో పెట్టుకుంటే రేపు కొత్త రిలీజ్ వచ్చినప్పుడు పని తేలికవుతుంది.

మన జవాబుల ఫైల్‌ను పట్టించుకోవట్లేదు, లేదా సగంలో ఆపేస్తోంది

ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి పెట్టే ఫైల్ ఇది. దానికి ఇన్‌స్టాల్ డాట్ సీఎఫ్‌జీ అని పేరు పెట్టారా? అది పాత ఇన్‌స్టాలర్ సిస్‌ఇన్‌స్టాల్ కాలం నాటి పద్ధతి. 2012 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 9.0 నుంచి దాని స్థానంలో బీఎస్‌డీఇన్‌స్టాల్ వచ్చింది. ఇప్పుడు ఆ ఫైల్ డిస్క్‌లో ఈటీసీ కింద ఇన్‌స్టాలర్‌కాన్ఫిగ్ అన్న పేరుతోనే ఉండాలి. పైభాగంలో పార్టిషన్స్, డిస్ట్రిబ్యూషన్స్, నాన్‌ఇంటరాక్టివ్ విలువలు ఉంటాయి. కింద షెబాంగ్ లైన్‌తో (ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పే మొదటి లైన్) మొదలయ్యే స్క్రిప్ట్ ఉంటుంది.

పార్టిషన్స్‌లో ఏడీఏ0 (సాటా డిస్క్ పేరు) అని రాశారు, కానీ అక్కడున్నది ఎన్‌వీఎంఈ డిస్క్. పేరు వేరు, కాబట్టి ఆగిపోతుంది. డిస్క్‌లు అన్నీ ఒకే రకమైతేనే పేరు రాయండి. లేకపోతే డీఫాల్ట్ అనే విలువ ఉంది.

ఇంకో లోపం కంటికి కనపడదు. ఫైల్‌ను విండోస్ నోట్‌ప్యాడ్‌లో కొత్తగా రాస్తే ప్రతి లైన్ చివర క్యారేజ్ రిటర్న్ ఒకటి ఉండిపోతుంది. అప్పుడు షెబాంగ్ లైన్ చివర ఆ అక్షరం అంటుకుని, "ఎస్‌హెచ్" అనే ప్రోగ్రామ్ ఉన్నా లేనట్టే అవుతుంది. క్యాట్‌కు డ్యాష్ వీ ఇచ్చి ఫైల్ చూడండి. లైన్ల చివర టోపీ గుర్తు, పక్కన ఎం కనిపిస్తే అదే. టీఆర్ కమాండ్‌తో తీసేసి మళ్లీ ఐఎస్‌ఓ కట్టండి.

ఏం జరిగిందో టెంప్ కింద బీఎస్‌డీఇన్‌స్టాల్ లాగ్‌లో ఉంటుంది. ఆ టెంప్ మెమరీలోనే ఉంది, రీబూట్ చేస్తే పోతుంది. ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

అదే డిస్క్ ఒక మెషిన్‌లో పనిచేస్తుంది, ఇంకోదానిలో పనిచేయదు

ఎస్పీ రోడ్డులో కొన్న చవక బ్లాంక్ డీవీడీలు అయితే ముందు రాత సరిగ్గా పడిందో లేదో చూడండి. ఐఎస్‌ఓ సైజును 2,048తో భాగిస్తే వచ్చే సంఖ్యను కౌంట్‌గా పెట్టి, డీడీ కమాండ్‌తో సీడీ0 నుంచి బీఎస్ 2048గా చదివి, ఎస్‌హెచ్‌ఏ256 తీయండి. ఐఎస్‌ఓ ఫైల్ చెక్‌సమ్‌తో కలవాలి. కౌంట్ ఇవ్వకపోతే చివర్లో ఉండే అదనపు సెక్టార్ల వల్ల మంచి డిస్క్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

రాయక ముందే క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషిన్‌లో ఒకసారి బయోస్‌తో, ఒకసారి యూఈఎఫ్‌ఐతో నడిపి చూస్తే సగం డిస్కులు మిగులుతాయి.

ఇన్‌స్టాల్ అయిపోయింది, రీబూట్ అయ్యి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తోంది

బూట్ ఆర్డర్‌లో డీవీడీ ముందుంది. డిస్క్ డ్రైవ్‌లోనే ఉంది. అది అడగకుండానే హార్డ్ డిస్క్ తుడిచి మళ్లీ వేస్తుంది. హార్డ్ డిస్క్‌ను మొదట పెట్టి, ఇన్‌స్టాల్ చేసే ఒక్కసారి మాత్రం బూట్ మెనూ నుంచి డీవీడీ ఎంచుకోండి. ఈ డిస్క్ పొరపాటున వేరే మెషిన్‌లో పెడితే అందులోని డేటా మొత్తం పోతుంది. మేము ప్రతి డిస్క్ మీదా ఎర్ర మార్కర్‌తో తెలుగులో, కన్నడలో రాస్తాం: "అడగకుండా తుడిచేస్తుంది". బీరువాలో విడిగా, తాళం వేసి పెడతాం.