సెకండ్ హ్యాండ్ దిగుమతి ఎలక్ట్రిక్ కారు కొనడం – మూడో పాఠం: బండి చూడ్డానికి వెళ్ళే రోజు

కిందటి పాఠం చివర ఛాసిస్ నంబరు చదవమని ఇచ్చాను. ముందు దాని సంగతి తేల్చేద్దాం. మొత్తం 17 అక్షరాలు. మొదటిది బండి పుట్టిన దేశం చెబుతుంది: 'కె' కొరియా, 'ఎల్' చైనా, 'జె' జపాన్, 'డబ్ల్యూ' జర్మనీ. 'ఎమ్' తర్వాత 'ఏ' నుంచి 'ఈ' లోపు అక్షరం ఉంటే మన దేశంలో తయారైందో, బయటి సామాను తెచ్చి ఇక్కడ బిగించిందో అన్నమాట. పదో అక్షరం చాలా కంపెనీల్లో మోడల్ ఏడాది: 'ఎన్' అంటే 2022, 'పి' అంటే 2023, 'ఆర్' అంటే 2024. మధ్యలో 'ఓ', 'క్యూ' రావు, సున్నా అనుకుంటారని. కొన్ని ఐరోపా కంపెనీలు పదో చోట ఏడాది పెట్టవు. అలాంటి బండికి ఆర్సీలో తయారీ నెల చూసుకోవడమే.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే, బజార్లో 'ఇంపోర్టెడ్' అన్న మాటకి అర్థం సాగిపోయింది. 2019లో వచ్చిన హ్యుందాయ్ కోనా చెన్నై దగ్గర బిగించిన బండి. 2022లో వచ్చిన కియా ఈవీ6 కొరియా నుంచి బండికి బండే దిగింది. అమ్మేవాళ్ళు రెండిటినీ ఒకే గాటన కట్టి ఇంపోర్టెడ్ అనేస్తారు. ఇంకో రకం మాట మన విశాఖలో మాత్రమే వినిపిస్తుంది: "సెకండ్ హ్యాండ్‌లోనే ఫారిన్ నుంచి తెప్పించాం గురువుగారూ, మన పోర్టులోనే దిగింది." నమ్మకండి. వాడిన కారుని విదేశం నుంచి తేవాలంటే దిగుమతి విధానం ప్రకారం ముంబై పోర్టు ఒక్కటే దారి. బండి తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. సుంకాలతో ధర రెట్టింపు దాటిపోతుంది కాబట్టి ఆ పని చేసేవాళ్ళు అరుదు. మీకు దొరికేది ఎక్కువగా హైదరాబాదులోనో బెంగళూరులోనో కొత్తగా కొని, రెండు మూడేళ్ళు తిప్పి అమ్మేసిన దిగుమతి బండి. దాన్ని మీ పేరుకి మార్చుకునే కాగితాలు, అంటే ఎన్‌ఓసీ, ఫారం 28, 29, 30 సంగతులు రెండో పాఠంలో అయిపోయాయి.

ఇక ఈ వారం పాఠం. జేబులో ఒక మల్టీమీటరు, చేతిలో టార్చిలైటు, బ్లూటూత్ ఓబీడీ ముక్క (బండి కంప్యూటరులోని అంకెలు ఫోనుకి పంపేది), కింద పరుచుకోడానికి ఒక అట్టపెట్టె. మల్టీమీటరు ఖరీదైనది అక్కర్లేదు, ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకి వచ్చేది చాలు. ముందురోజు రాత్రే యజమానికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: "సార్, నేను పొద్దున్నే వస్తాను, అంతవరకు బండి తీయొద్దు, ఛార్జింగు కూడా పెట్టొద్దు." ఈ మాటకి చిరాకు పడే యజమాని దగ్గర కాస్త నెమ్మదిగా ఉండండి.

అందరూ ముందు చూసేది స్క్రీను మీద రేంజి. మీరు ముందు చూడాల్సింది చిన్న బ్యాటరీ. ఎలక్ట్రిక్ కారులో కూడా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. తలుపు తాళాలు, కంప్యూటర్లు, పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లు, అన్నీ దాని మీదే. అది చచ్చిపోతే కింద 77 యూనిట్ల పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. గాదె నిండా ధాన్యం ఉండీ తాళంచెవి పోయినట్టు. మామూలు కారులో ఆల్టర్నేటర్ చేసే పని ఇక్కడ డీసీ-డీసీ కన్వర్టర్ చేస్తుంది, పెద్ద బ్యాటరీ నుంచి తీసి చిన్నదానికి పోస్తుంది.

కొలిచే పద్ధతి ఇది. రాత్రంతా కదలని బండి బానెట్ తీసి, మల్టీమీటరు డీసీ 20 దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్సుకి, నల్ల తీగ మైనస్సుకి ఆనించండి. బానెట్ తీయగానే బండి మేలుకుంటుంది, ఒక్క నిమిషం ఆగి చదవండి. లెడ్ యాసిడ్ రకమైతే 12.6 దగ్గర ఉండాలి. 12.2కి దిగితే సగం ఖాళీ అయినట్టే. కొన్ని చైనా బండ్లలో చిన్న బ్యాటరీ కూడా లిథియమే, అందులో 13 పైన కనిపించడం మామూలే. తర్వాత యజమానిని లోపల కూర్చోబెట్టి బండిని 'రెడీ'లోకి తెచ్చి హెడ్‌లైట్లు వేయమనండి. అంకె 13.5 నుంచి 14.7 మధ్యకి ఎక్కాలి. ఎక్కకుండా 12.3 దగ్గరే ఉండి మెల్లగా దిగుతోందా? కన్వర్టర్ పొయ్యడం లేదన్నమాట. అక్కడికి ఆ రోజు పరీక్ష చాలించి ఇంటికొచ్చేయచ్చు.

దీన్ని ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ఐయోనిక్ 5, ఈవీ6 లాంటి కొరియా బండ్లలో ఈ కన్వర్టర్, ఇంటి ఛార్జింగు పరికరం రెండూ కలిపి ఒకే డబ్బాలో పెట్టారు. ఆ డబ్బాకి ఐసీసీయూ అని పేరు. 2024 జూన్‌లో 1,744 ఐయోనిక్ 5 బండ్లని, జూలైలో 1,138 ఈవీ6 బండ్లని మన దేశంలో ఈ డబ్బా కోసమే కంపెనీలు వెనక్కి పిలిచాయి (దీన్నే రీకాల్ అంటారు). 2025 ఫిబ్రవరిలో మళ్ళీ 1,380 ఈవీ6లని సాఫ్ట్‌వేర్ మార్చడానికి పిలిచారు. కాబట్టి ఈ బండ్లు చూస్తుంటే సర్వీసు చరిత్రలో ఆ పని జరిగిందా లేదా ఛాసిస్ నంబరు ఇచ్చి షోరూంలోనే అడగండి. నోటి మాట సరిపోదు, జాబ్ కార్డు చూడాలి. కోనా ఐతే 2020 డిసెంబరులో 456 బండ్లని పెద్ద బ్యాటరీ పరీక్షకి పిలిచారు, దాని కాగితం కూడా అడగండి.

ఇప్పుడు పెద్ద బ్యాటరీ. ఓబీడీ ముక్క పెడితే ఫోన్లో 'ఆరోగ్యం 100 శాతం' అని కనిపిస్తుంది, అమ్మేవాడి మొహం వెలిగిపోతుంది. కంగారు పడకండి. కొన్ని కంపెనీలు కొంత సామర్థ్యం దాచి ఉంచుతాయి, అది కరిగేదాకా 100 చూపిస్తూనే ఉంటాయి. అందుకని మనం కిరాణా లెక్కలో కొలుచుకుందాం. గోడ నుంచి ఎన్ని యూనిట్లు తాగింది, ఎంత శాతం నిండింది? ఈ రెండూ తెలిస్తే చాలు.

ఉదాహరణకి బీవైడీ అట్టో 3. కాగితం మీద 60.48 యూనిట్ల బ్యాటరీ. 40 శాతం దగ్గర ఛార్జింగు పెట్టి 100కి తీసుకెళ్ళాం, అంటే 60 శాతం నిండింది. ఛార్జరు మీటరు 38 యూనిట్లు చూపించింది. ఇంటి ఛార్జింగులో సుమారు పదో వంతు వేడిగా పోతుంది కాబట్టి బ్యాటరీలోకి చేరింది 34.2. దాన్ని 0.6తో భాగిస్తే 57. 57ని 60.48తో పోలిస్తే 94 శాతం. మూడేళ్ళ బండికి మంచి అంకె. ఈ లెక్క తులం కాటా కాదు, నాలుగైదు శాతం అటూఇటూ ఉంటుంది. కానీ 94కీ 78కీ తేడా మాత్రం దాచలేదు. 20 శాతమే నింపి లెక్క కట్టకండి, తప్పు పెద్దదైపోతుంది. కనీసం సగం నిండాలి.

చిక్కల్లా టైముతోనే. 7 కిలోవాట్ల ఛార్జరు మీద 38 యూనిట్లకి ఐదున్నర గంటలు. యజమాని ఇంట్లో అంతసేపు టీలు తాగుతూ కూర్చోలేం కదా. నేనైతే అడ్వాన్సు కాగితం మీదే 'ఛార్జింగు పరీక్ష తర్వాతే బేరం ఖరారు' అని రాయించి, ఒక రాత్రి ఛార్జింగు పెట్టించి, మొదలూ చివరా మీటరు ఫొటోలు తీయించుకుంటాను.

అట్టో 3ని 100 దాకా ఎందుకు తీసుకెళ్ళాం అని మీలో ఒకరైనా అడుగుతారు. అందులో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ రకం, ఇనుము-ఫాస్ఫేట్ కెమిస్ట్రీ. మధ్యలో దాని వోల్టేజి దాదాపు ఒకే గీత మీద ఉంటుంది. రామకృష్ణా బీచ్ రోడ్డంత చదును, ఎంత దూరం వచ్చామో ఎత్తు చూసి చెప్పలేం. అందువల్ల కంప్యూటరు శాతం అంచనాలో తప్పుతుంది. నిండా నింపితేనే సర్దుకుంటుంది. కోనా, ఈవీ6 లాంటి నికెల్ రకాల్లో ఈ బాధ తక్కువ. వాటిని రోజువారీ 80 దగ్గర ఆపడమే మంచిది, పరీక్షకి కూడా 20 నుంచి 80 చాలు.

ఓబీడీ ముక్క మరి దండగా? కాదు. అది చూపించే పెద్ద బ్యాటరీ సెల్ వోల్టేజీల్లో అన్నిటికన్నా ఎక్కువది, అన్నిటికన్నా తక్కువది చూడండి. నికెల్ రకం బండి నిలకడగా ఉన్నప్పుడు రెండిటి మధ్య 0.02 వోల్టుల లోపు తేడా ఉంటే నిశ్చింత. 0.05 దాటితే ఒక సెల్ వెనకబడుతోందేమో అని అనుమానం. ఎల్‌ఎఫ్‌పీలో ఈ తేడా మధ్యలో కనిపించదు, నిండే వేళ చూడాలి.

కింద భాగం దగ్గర మన ఊరి ప్రత్యేకం మొదలవుతుంది. హైదరాబాదు పుస్తకాల్లో ఇది ఉండదు. బండి ఎక్కడ పార్కు చేసేవారని అడగండి. లాసన్స్ బే, రుషికొండ, బీచ్ రోడ్డు అపార్టుమెంటు ఐతే సెల్లార్లో పెట్టినా ఉప్పుగాలి వదలదు. అట్టపెట్టె మీద పడుకుని టార్చి వేస్తే ముందు భాగం ఒక్కటే కనబడుతుంది. గాజువాక ఆటోనగర్‌లో చక్రాల అలైన్‌మెంటు చేసే షెడ్డుకి తీసుకెళ్ళి, చార్జీ ఇచ్చి పది నిమిషాలు లిఫ్టు ఎక్కించమనండి. బ్యాటరీ పెట్టె బోల్టుల చుట్టూ తెల్లటి పొడి వచ్చిందా (అల్యూమినియానికి ఉక్కు తగిలిన చోట ఉప్పు చేసే పని అది), పెట్టె అడుగున సొట్టలున్నాయా, కూలెంటు పైపుల బిగింపులు తుప్పు పట్టాయా చూడండి. నారింజ రంగు తీగలు కనబడితే చేతులు వెనక్కి. అవి వందల వోల్టులవి, ఈవీ6లో ఐతే 700 దగ్గర. చూడటం వరకే మన హద్దు.

బ్రేకు డిస్కులు కూడా ఇక్కడే చూసేయండి. ఎలక్ట్రిక్ బండి మోటారుతోనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి బ్రేకు ప్యాడు డిస్కుని తాకడమే తక్కువ, ఉప్పుగాలికి డిస్కు తుప్పు పడుతుంది. పైపొర తుప్పు రెండు గట్టి బ్రేకులతో పోతుంది. గుంతలు పడితే మార్చాలి. కొన్నాక ఏడాదికోసారి క్యాలిపర్ పిన్నులు తీయించి, తుడిచి, గ్రీజు పెట్టించండి. ఛార్జింగు సాకెట్లో పచ్చగా, నల్లగా మారిన పిన్ను ఉంటే బేరంలో తగ్గించుకోండి. సాకెట్ మన దారుల్లోని ఛార్జర్లకి సరిపోయే సీసీఎస్2 రకమేనా అని కూడా చూడాలి. జపాన్ బజారు కోసం చేసిన పాత బండికి ఛాడెమో సాకెట్ ఉంటుంది, దానికి మన దారుల్లో ఛార్జరు దొరకడం కష్టం.

టెస్ట్ డ్రైవు సింహాచలం కొండకి. 70-80 శాతం ఛార్జితో ఎక్కండి. నిండుగా ఉంటే దిగేటప్పుడు కరెంటు వెనక్కి తీసుకోవడానికి చోటుండదు, పరీక్ష వృథా. దిగుతూ కాలు పూర్తిగా తీసేస్తే బండి ఒకే తీరుగా లాగి పట్టుకోవాలి, కుదుపులు రాకూడదు.

సర్వీసు గురించి ఈసారికి రెండే విషయాలు. మొదటిది నా చేతులు కాల్చింది. రెండో ఏడాది ఎండల్లో నా బండి ఏసీ చల్లదనం తగ్గితే, ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్ళాను. మేస్త్రి బానెట్ ఎత్తి, "ఇదేటి సార్, ఇంజనే నేదు!" అని నవ్వి, గ్యాసు నింపి, దాంతోపాటు మామూలు కార్లకి పోసే ఆయిలు కొట్టి పంపాడు. నాలుగో రోజు బండి స్క్రీను మీద ఎర్ర హెచ్చరిక, 'రెడీ' రాలేదు. ఎలక్ట్రిక్ కారు ఏసీ కంప్రెసరు పెద్ద బ్యాటరీ వోల్టేజి మీదే తిరుగుతుంది, దాని మోటారు చుట్టలు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. అందుకే కరెంటు పారనివ్వని పీఓఈ రకం ఆయిలు వాడతారు. మామూలు కార్ల పీఏజీ ఆయిలు కలిస్తే ఇన్సులేషను పడిపోతుంది, బండి తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. కంప్రెసరు, పైపులు అన్నీ మార్చాల్సి వచ్చింది. తప్పు మేస్త్రిది సగం, నాది సగం. ఏ ఆయిలో బానెట్ కింద స్టిక్కరు మీద రాసే ఉంది, నేను చదివి చెప్పలేదు. గ్యాసు నింపే యంత్రం గొట్టాల్లో పాత బండి ఆయిలు మిగిలి ఉన్నా ఇదే ప్రమాదం, అది కూడా అడగండి.

రెండోది కూలెంటు. కొరియా బండ్లు కొన్నిటికి విద్యుత్తు బాగా పారని ప్రత్యేక కూలెంటు పోస్తారు. డబ్బాలో మట్టం తగ్గిందని పెట్రోలు బంకులో దొరికే పచ్చ కూలెంటు కలపకండి. చూసిన బండి డబ్బాలో రంగు మురికిగా, కలగాపులగంగా ఉంటే ఎవరో ఆ పని చేసేశారన్నమాట. బ్రేకు ఆయిలు రెండేళ్ళకోసారి, క్యాబిన్ ఫిల్టరు పోర్టు వైపు తిరిగేవాళ్ళు ఇంకా తరచుగా. టైర్లు బండి బరువుకి తొందరగా అరుగుతాయి, అంతే.

ఇంటి పని. మద్దిలపాలెంలో ఒక బండి చూశారనుకోండి, 39.2 యూనిట్ల కోనా. యజమాని "పక్కా ఇంపోర్టెడ్" అంటున్నాడు, ఛాసిస్ నంబరు 'ఎమ్ఏ'తో మొదలైంది. రాత్రంతా ఆగిన బండిలో చిన్న బ్యాటరీ 12.5. 'రెడీ'లో హెడ్‌లైట్లు వేస్తే 12.3, రెండు నిమిషాల్లో 12.2. ఛార్జింగు 25 నుంచి 85 శాతానికి తీసుకెళ్తే మీటరు 23.5 యూనిట్లు తిరిగింది. పెద్ద బ్యాటరీ ఆరోగ్యం ఎంత? ఈ బండి దగ్గర అడగాల్సిన రీకాల్ కాగితం ఏది? ఉన్నవాటిలో ఏ ఒక్క అంకె చూసి మీరు అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి తిరుగుతారు? జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ తర్వాత మీ ఇంటి మీటరు బోర్డు, కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ దగ్గర లోడు పెంచుకోవడం, ఎర్తింగు గొయ్యి. అంతలోపు మీ కరెంటు బిల్లు తీసి మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూసి రాసుకోండి.