నైజర్-కాంగో భాషా కుటుంబం – పాఠం 4: పోలిక వేరు, చుట్టరికం వేరు

గత పాఠంలో నామవర్గాలను (నామాలను తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతికి ఒక గుర్తు చేర్చే ఏర్పాటును) వివరించి, పశ్చిమ ఆఫ్రికాలోని ఫులా, బంబరా, హౌసా భాషలలో ఏవి ఆఫ్రికాకు చెందిన నైజర్-కాంగో కుటుంబంలో చేరతాయో తేల్చమన్నాను. వచ్చిన జవాబులు చూశాక, కొత్త పాఠాన్ని వాయిదా వేసి ఆ అభ్యాసాన్నే మళ్ళీ విప్పి చెప్పవలసి వస్తోంది. హౌసా సంగతి తేలిక: నైజీరియాలో ఎంత విస్తారంగా మాట్లాడినా అది అరబ్బీ కూడా చెందిన ఆఫ్రో-ఆసియా కుటుంబపు భాషే.

ఫులాను చాలామంది నైజర్-కాంగో కుటుంబం బయట పెట్టారు. నైజర్-కాంగో కుటుంబపు బంటూ శాఖలోని స్వాహిలీలో వర్గాన్ని తెలిపే గుర్తు పదానికి ముందు వస్తుంది, ఫులాలో చివర వస్తుంది కనుక రెండింటికీ సంబంధం లేదన్నది వారి వాదం. గుర్తు ఎక్కడ ఉన్నదన్నది అంత ముఖ్యం కాదు. ఏ ధ్వని ఏ పని చేస్తున్నదో చూడాలి. స్వాహిలీలో నీరు 'మాజి', పాలు 'మాజివా', నూనె 'మాఫుతా'. ఫులాలో అవే వరుసగా 'న్డియమ్', 'కోసమ్', 'నెబ్బమ్'. ఈ ద్రవపదార్థాలన్నీ ఒకే వర్గంలో చేరడం, ఆ వర్గానికి మకారమే గుర్తు కావడం, ఇటువంటి జోడింపు ఇతర వర్గాలలోనూ కనిపించడం, ఇవన్నీ కలిస్తేనే సాక్ష్యం. (ఆ 'కోసమ్' మన 'కోసం' కాదని వేరే చెప్పనక్కరలేదు.) జర్మన్ భాషావేత్త కార్ల్ మైన్‌హోఫ్ ఫులాను హామిటిక్ (ఉత్తర, ఈశాన్య ఆఫ్రికా భాషలకు అప్పట్లో పెట్టిన, ఇప్పుడు వదిలేసిన వర్గం) భాషలలో చేర్చగా, అమెరికన్ భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ దానిని నైజర్-కాంగో కుటుంబంలో, సెనెగల్‌లోని వొలోఫ్, సెరెర్ భాషల సరసన నిలిపాడు, 1963 నాటి ఆయన వర్గీకరణే నేటి చర్చలకు మూలం.

నన్ను విసిగించేది మరొక జవాబు. తెలుగులోనూ మహత్తు (పురుషులను తెలిపే నామాలు), అమహత్తు (మిగిలినవి) అనే విభజన ఉన్నది, 'వాడు వచ్చాడు, అది వచ్చింది' అని క్రియ కూడా దానిని అనుసరిస్తుంది, పైగా మన నీళ్ళు, పాలు బహువచనాలే, స్వాహిలీ 'మా-' సైతం బహువచనానికి వాడే గుర్తే. కాబట్టి తెలుగుకూ బంటూ భాషలకూ చుట్టరికం ఉన్నదట! నామాలను తరగతులుగా విడదీయడం, క్రియను వాటికి అనుగుణంగా మార్చడం లోకంలో ఎన్నో భాషలు స్వతంత్రంగా చేసుకున్న ఏర్పాటు. మన 'డు'కు గాని, నీళ్ళలోని 'ళ్ళు'కు గాని దీటైన ప్రత్యయాన్ని, అదే అర్థంలో, క్రమబద్ధమైన ధ్వనుల జోడింపుతో బంటూలో చూపనంతవరకు అది నిర్మాణసామ్యం మాత్రమే. ఈ తేడా పట్టుబడకపోతే ఇకమీద వచ్చే పాఠాలన్నీ వృథా.

బంబరా విషయంలో తడబడినవారిని తప్పు పట్టను. బంబరా చేరిన మాండే శాఖలో నామవర్గాలే లేవు. గ్రీన్‌బర్గ్ దానిని కుటుంబంలోనే ఉంచినా, డిమ్మెండాల్ వంటి భాషావేత్తలు బయట ఉంచాలంటారు. నేనైతే ప్రశ్నార్థకంతో లోపలే రాసుకుంటాను.

అభ్యాసం: మాజి, మాయాయి (గుడ్లు), మాజివా, మాచో (కళ్ళు), మాఫుతా. వీటిలో దేనికి ఏకవచనం ఉన్నదో నిఘంటువు చూసి విడదీయండి. ఫులాతో పోల్చడానికి పనికివచ్చేవి ఏవో, పనికిరానివి ఎందుకు రావో ఒక పుట నిండా రాయండి. 'చూస్తేనే తెలుస్తోంది' అన్న వాక్యం ఆ పుటలో ఉండరాదు.